గ్రాము తేడా



విశాఖపట్నం లోహాల ఊరు. రేవులో ఇనుప ఖనిజం ఓడలకెక్కుతుంది. ఉక్కు ఫ్యాక్టరీ కొలుముల్లో ఇనుము కరుగుతుంది. మింది దగ్గర హిందుస్థాన్ జింక్ వారి స్మెల్టర్ 1977లో మొదలై 2012లో మూతపడేదాకా జింకు తీసింది. భీమిలి తీరపు ఇసుకలో టైటానియానికి మూలమైన ఇల్మనైట్ ఉంది, సీరియం వంటి అరుదైన మృత్తిక లోహాలను ఇచ్చే మోనజైట్ ఉంది. ఎరువులతో కూడా మనకు పాత చుట్టరికమే. కోరమాండల్ కర్మాగారం 1967 నుంచి ఇక్కడ ఎరువులు తయారు చేస్తోంది. ఉక్కు ఫ్యాక్టరీ కోక్ ఓవెన్ల వాయువులో వచ్చే అమ్మోనియా కూడా వృథా పోకుండా అమ్మోనియం సల్ఫేటుగా పొలాలకు చేరుతుంది. విదేశీ యూరియా ఓడలు మన తీరంలోనూ దిగుతాయి.

ఈ ఊళ్ళో లోహాన్నీ ఎరువునీ టన్నుల్లోనే లెక్కపెడతాం. ఇవాళ నేను చెప్పబోయేది కూడా వాటి గురించే. కాకపోతే టన్నుల్లో కాదు, కంటికి ఆనని నలుసుల రూపంలో. వీటినే నానో పదార్థాలు అంటున్నారు. ఇవి పైరులోకి ఎలా వెళతాయి, వెళ్ళి ఏం చేస్తాయి, అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం రైతు ఎరువుల దుకాణంలో నానో అని రాసి ఉన్న సీసా చూసినప్పుడు ఏం ఆలోచించాలి అన్నది నా విషయం.

ముందే ఒక మాట. రేవు చుట్టుపక్కల ఇళ్ళ మీద పడే బొగ్గు పొడి సంగతి ఇది కాదు. ఆ పొడి ఊరి ఊపిరికి సంబంధించిన పెద్ద సమస్య, దానికి వేరే ప్రసంగం కావాలి. నేను మాట్లాడేది ఇంత పరిమాణంలోనే ఉండాలని పని గట్టుకుని, ప్రయోగశాలలో తయారు చేసిన నలుసుల గురించి.

మీటరును 100 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. సాధారణంగా 100 నానోమీటర్ల లోపు ఉన్న నలుసును నానో నలుసు అంటారు. చిన్నదైతే ఏమిటి విశేషం అంటారా? విశేషమంతా ఉపరితలంలో ఉంది. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క సెంటీమీటరు ఉన్న జింక్ ఆక్సైడ్ ముక్కను తీసుకోండి. దాని ఆరు ముఖాలూ కలిపితే 6 చదరపు సెంటీమీటర్లు. అదే ముక్కను 10 నానోమీటర్ల ముక్కలుగా చేయగలిగితే అన్ని ముఖాల వైశాల్యం 600 చదరపు మీటర్లు అవుతుంది. మన లెక్కలో దాదాపు 15 సెంట్ల భూమి. పదార్థం బరువు ఏమీ పెరగలేదు, మొత్తం ఆరు గ్రాములు కూడా లేదు. కానీ నీటితో, ఆకుతో, వేరుతో, మట్టిలోని సూక్ష్మజీవులతో తాకిడి జరిగే జాగా లక్షల రెట్లు పెరిగింది. రసాయన చర్యలు జరిగేది ఆ ఉపరితలం మీదే. అందుకే బస్తాలో ఉన్నప్పుడు నిదానంగా పనిచేసే పదార్థం నానో రూపంలో చురుకెక్కుతుంది. మేలు చేసేటప్పుడూ అంతే చురుకు, కీడు చేసేటప్పుడూ అంతే చురుకు.

ఇందుకు మంచి ఉదాహరణ కోసం పరాయి దేశం పోనక్కర్లేదు. తిరుపతిలోనే ఉంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తిరుపతిలో ఉన్న పరిశోధనా స్థానంలో టి.ఎన్.వి.కె.వి. ప్రసాద్, ఆయన సహచరులు, మద్రాసు ఐఐటీ ఆచార్యుడు టి. ప్రదీప్ బృందంతో కలిసి వేరుశనగ మీద పని చేశారు. ఆ ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. ప్రపంచంలో ఎక్కడ నానో ఎరువుల గురించి రాసినా ఈ పరిశోధన ప్రస్తావన తరచుగా కనిపిస్తుంది. మన రాష్ట్రంలో, మన పంట మీద జరిగిన పని ఇది. దీని గురించి మన రైతులకు తెలిసింది చాలా తక్కువ. నాకు బాధ కలిగించే విషయం అది.

వారు తీసుకున్నది సగటున 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ నలుసులు. మిల్లీమీటరును 40 వేల భాగాలు చేస్తే ఒక భాగం అంత. జింకునే ఎందుకు ఎంచుకున్నారో ఉత్తరాంధ్ర వరి రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. జింకు లోపిస్తే వరి ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, ఈనె పాలిపోతుంది, పైరు ఎదగక గిడసబారిపోతుంది. ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయమనీ, పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పిచికారీ చేయమనీ వ్యవసాయ శాఖ వారు ఏళ్ళుగా చెబుతున్నారు. ఎకరం పైరుకు నిజానికి కావాల్సిన జింకు గ్రాముల్లోనే. వేసినదాంట్లో ఎక్కువ భాగం మట్టి పట్టేసుకుంటుంది. ఆ కొద్దిపాటి జింకును మొక్కకు సూటిగా అందించే దారి కోసమే తిరుపతి వారు వెతికారు.

వాళ్ళకు కనిపించింది ఏమిటంటే, 1000 పీపీఎం నానో జింక్ ఆక్సైడ్‌తో శుద్ధి చేసిన వేరుశనగ విత్తనం బాగా మొలిచింది, మొలక బలంగా లేచింది, పూత ముందుగా వచ్చింది, వేరు బాగా సాగింది. మామూలు చెలేటెడ్ జింక్ సల్ఫేటుతో, అంటే మట్టి పట్టేయకుండా రసాయనంతో పట్టి ఉంచిన జింకుతో పోలిస్తే మొక్కకు కాయ దిగుబడి 34 శాతం ఎక్కువ. తర్వాత 2008-09, 2009-10 రబీల్లో పొలంలో పరీక్షించారు. సిఫార్సు చేసిన చెలేటెడ్ జింక్ సల్ఫేట్ మోతాదులో పదిహేనో వంతు మాత్రమే నానో జింకును ఆకుల మీద కొట్టారు. మొదటి రబీలో 29.5 శాతం, రెండో రబీలో 26.3 శాతం అధిక దిగుబడి వచ్చింది.

ఇంతవరకూ వింటే ఎవరికైనా సంబరమే. కానీ అదే పరిశోధనలో మరో వాక్యం ఉంది. విత్తనాన్ని 2000 పీపీఎంతో శుద్ధి చేసినప్పుడు మేలు పోయింది, ఎదుగుదల కుంటుపడింది. నానో నలుసుల్ని ఆచితూచి వాడాలని పరిశోధకులే రాశారు.

1000 పీపీఎం అంటే లీటరు నీటిలో ఒక గ్రాము. 2000 అంటే రెండు గ్రాములు. మందు విషంగా మారడానికి లీటరుకు ఒక్క గ్రాము తేడా చాలింది. ఇప్పుడు మన పొలం అలవాటు గుర్తు చేసుకోండి. ట్యాంకులో మందు పోసేటప్పుడు సీసా మూతే కొలత. తెగులు గట్టిగా ఉందనిపిస్తే ఇంకో అర మూత అదనం. మామూలు జింక్ సల్ఫేట్ విషయంలో ఈ అలవాటు పెద్దగా హాని చేయకపోవచ్చు. నానో జింకు విషయంలో చేయవచ్చు. లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ అని ఏళ్ళ తరబడి నోటికి వచ్చేసిన లెక్కను నానో జింకు పొడికి కూడా వర్తింపజేసే రైతు, తిరుపతిలో మొలకను కుంగదీసిన పాళ్ళకే చేరతాడు.

ఎందుకిలా అవుతుంది? నలుసు మొక్కలోకి వెళ్ళడానికి దారులు రెండు. ఒకటి ఆకు. ఆకు మీది రంధ్రాలు నానో నలుసుకు వీధి గుమ్మాలంత పెద్దవి. రెండోది వేరు. వేరులో కణాల గోడలకున్న సందులు మాత్రం చాలా సన్నం, నలుసుల్లో అతి చిన్నవే వాటిలోంచి దూరగలవు. మిగిలినవి వేరును అంటిపెట్టుకుని అక్కడే కొద్దికొద్దిగా కరుగుతాయి. జింక్ ఆక్సైడ్ కరిగితే జింకు అయాన్లు వస్తాయి. మొక్క వాడుకునేది వీటినే. అయితే అవి ఒక్కచోట మితిమీరితే కణం లోపల చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టి పొరల్ని దెబ్బతీస్తాయి. మొదట దెబ్బ తినేది వేరు కొస. అది ఎదగకపోతే మొక్క నీటికీ, పోషకాలకూ దూరమవుతుంది.

అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో దావోహుయ్ లిన్, బావోషాన్ షింగ్ 2007లో ఈ సంగతే చూపించారు. ముల్లంగి, మొక్కజొన్న, కీరదోసతో సహా ఆరు రకాల విత్తనాల మీద ఐదు రకాల నానో పదార్థాలు పరీక్షించారు. లీటరుకు 2000 మిల్లీగ్రాముల దగ్గర నానో జింకు, నానో జింక్ ఆక్సైడ్ వేళ్ళ ఎదుగుదలను దాదాపు ఆపేశాయి. ముల్లంగిలో వేరు ఎదుగుదల సగానికి పడిపోవడానికి 50 మిల్లీగ్రాములు సరిపోయింది. చూడండి, తిరుపతి వేరుశనగకు మేలు చేసిన 1000 ఎక్కడ, ముల్లంగిని కుంగదీసిన 50 ఎక్కడ! పైరు మారింది, నలుసు మారింది, పరీక్ష చేసిన తీరు మారింది, ఫలితం తలకిందులైంది. ఒక పంటలో బాగుందని ఇంకో పంటకు, ఒక నేలలో బాగుందని ఇంకో నేలకు కళ్ళు మూసుకుని తీసుకుపోకూడదని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ముప్పు జింకుతోనే ఆగదు. కాలిఫోర్నియాలో సోయాచిక్కుడు మీద జరిగిన పరిశోధన 2012లో వచ్చింది. సీరియం ఆక్సైడ్ నానో నలుసులు మట్టిలో ఎక్కువైనప్పుడు సోయా వేరు బుడిపెల్లో నత్రజని స్థిరీకరణ దాదాపు ఆగిపోయింది. ఈ సీరియం ఆక్సైడ్ ఎరువు కాదు. అద్దాలు మెరుగు పెట్టడానికీ, డీజిల్ ఇంధనంలో కలపడానికీ వాడేది. అంటే పొలంలో ఎవరూ కావాలని చల్లకపోయినా పొగ, మురుగునీరు, ఆ మురుగు నుంచి తీసిన బురద ఎరువు వంటి దారుల్లో అలాంటి నలుసులు మట్టికి చేరే వీలుంది. మన రైతు వరి కోశాక పొలంలో మినుము, పెసర చల్లుతాడు. మెట్టలో వేరుశనగ వేస్తాడు. ఈ పైర్లన్నీ వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా మీద ఆధారపడి బతికేవే. ఆ బుడిపెలకు ముప్పు వస్తే నేల సారానికే ముప్పు. నగరం మురుగును శుద్ధి చేసి ఆ బురదను పొలాలకు పంపే ఆలోచన ఎక్కడ వచ్చినా ఈ సంగతి గుర్తుండాలి.

మరి గింజలోకి వస్తుందా, మన కంచంలోకి వస్తుందా అన్నది తల్లులందరి ప్రశ్న. సోయా గింజల్ని బలమైన ఎక్స్-కిరణాలతో పరిశీలించి 2013లో వచ్చిన ఒక అధ్యయనం దీనికి కొంత జవాబు చెప్పింది. జింకు గింజలోకి వెళ్ళింది కానీ జింక్ ఆక్సైడ్ నలుసుగా కాదు. మొక్క దాన్ని సిట్రేట్ వంటి రూపంలోకి మార్చుకుంది. అంటే మొక్క దాన్ని జీర్ణం చేసుకున్నట్టే. సీరియం ఆక్సైడ్ మాత్రం చాలావరకు నలుసు నలుసుగానే గింజలో దొరికింది. కరిగే పదార్థానికీ, కరగని పదార్థానికీ ఉన్న ఈ తేడా నా దృష్టిలో చాలా ముఖ్యమైనది. ఎరువు పేరుతో వచ్చే నానో పదార్థం కరిగి మొక్కలో కలిసిపోయేదా, కరగకుండా అలాగే మిగిలిపోయేదా అని మొదట అడగాలి.

ఇక మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే సీసా దగ్గరికి వద్దాం. నానో యూరియా. దీన్ని ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో 2021 మే 31న విడుదల చేసింది. 2023లో నానో డీఏపీ వచ్చింది. కోరమాండల్ కూడా కాకినాడలో నానో ఎరువుల కర్మాగారం పెట్టింది. 500 మిల్లీలీటర్ల నానో యూరియా సీసా ఒక 45 కిలోల యూరియా బస్తాకు ప్రత్యామ్నాయం అని ప్రచారం జరిగింది. 94 పంటల్లో, దాదాపు 11 వేల పొలాల్లో పరీక్షించామనీ, దిగుబడి సగటున 8 శాతం పెరిగిందనీ ఇఫ్కో చెప్పింది. దేశానికి ఆ మాట తియ్యగా వినిపించింది. యూరియా కోసం ఎండలో వరుసలో నిలబడే రైతుకు మరీ తియ్యగా వినిపించింది.

కానీ కాగితం, పెన్సిలు తీసుకుని ఒక చిన్న లెక్క వేద్దాం. మొదటి సీసాలో నత్రజని 4 శాతం. 500 మిల్లీలీటర్లలో దాదాపు 20 గ్రాములు. యూరియా బస్తాలో నత్రజని 46 శాతం. 45 కిలోల్లో 20 కిలోల 700 గ్రాములు. తేడా వెయ్యి రెట్లు. బస్తాలో చల్లింది చాలా వృథా పోతుంది, నిజమే. మొక్కకు మూడో వంతు కూడా అందదనుకుందాం. అయినా ఆరు కిలోలు అందుతుంది. సీసాలోది ఒక్క చుక్క వృథా పోకుండా ఆకులోకి వెళ్ళిందనుకున్నా 20 గ్రాములే. ఒక టన్ను ధాన్యం పండటానికి వరి పైరు సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. ఆ లెక్కన 20 గ్రాముల నత్రజనితో పండేది కిలో, కిలోంబావు ధాన్యం. తర్వాత వచ్చిన సీసాల్లో నత్రజని 20 శాతానికి పెంచారు. అంటే 100 గ్రాములు. దాంతో ఐదారు కిలోల ధాన్యం.

నలుసు ఎంత చిన్నదైనా నత్రజని పరమాణువుల సంఖ్య పెరగదు. గింజలోని మాంసకృత్తులకు నత్రజని కావాల్సిందే, అది ఎక్కడి నుంచో రావాల్సిందే. జింకు విషయంలో నానో నెగ్గుకురావడానికి కారణం పైరుకు అది కావాల్సింది గ్రాముల్లోనే కావడం. నత్రజని కావాల్సింది కిలోల్లో. సూక్ష్మపోషకానికి సరిపోయే సీసా ప్రధాన పోషకానికి సరిపోదు. నానో ఎరువుల మీద చర్చ ఎంత జరిగినా నాకు అన్నిటికన్నా గట్టిగా నిలబడేది ఈ మాటే అనిపిస్తుంది.

పొలం కూడా అదే చెప్పింది. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు రెండేళ్ళు వరి, గోధుమల్లో పరీక్షించారు. సిఫార్సు చేసిన యూరియాలో కొంత తగ్గించి నానో యూరియా పిచికారీ చేసినప్పుడు గోధుమ దిగుబడి 21.6 శాతం, వరి దిగుబడి 13 శాతం తగ్గాయి. గింజలో నత్రజని కూడా తగ్గింది, అంటే తినేవాడికి మాంసకృత్తులూ తగ్గాయి. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మాక్స్ ఫ్రాంక్, సోరెన్ హుస్టెడ్ ఈ ఉత్పత్తి వెనకున్న శాస్త్రాన్నే ప్రశ్నించారు. ఈ విమర్శలతో ఇఫ్కో ఏకీభవించలేదు, తన పరీక్షలు తనకున్నాయంది. శాస్త్రంలో వాదం ఉండటం తప్పు కాదు. కానీ వాదం తేలేలోపు నష్టపోయేవాడు రైతు కాకూడదు.

కొన్నిచోట్ల యూరియా బస్తా కావాలంటే నానో సీసా కూడా కొనాల్సిందే అని లింకు పెట్టి అమ్మారు. దీని మీద ఫిర్యాదులు రాగా 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ ముఖ్యమంత్రులకు లేఖ రాసి ఇలాంటి బలవంతపు అమ్మకాలు ఆపించమన్నారు. మీ ఊళ్ళో ఎవరైనా లింకు పెడితే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. అది మీ హక్కు.

నేను నానోకు వ్యతిరేకిని కాను. తిరుపతి ఫలితాలు చదివిన వాళ్ళెవరూ వ్యతిరేకులు కాలేరు. పదిహేనో వంతు జింకుతో పావు వంతుకు పైగా ఎక్కువ కాయ వచ్చిందంటే అది నేలకు మేలు, రైతు జేబుకు మేలు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం వ్యవసాయంలో, ఆహారంలో వాడే నానో ఉత్పత్తుల్ని ఎలా పరీక్షించాలో 2020 జులైలో మార్గదర్శకాలు కూడా ప్రకటించింది. నలుసు పరిమాణం, ఎంతవరకు కరుగుతుంది, మట్టిలో ఎలా ఉంటుంది, విషగుణం ఉందా అన్నవి వాటిలో పరిశీలించమన్న అంశాలే. ఆ పరీక్షల సారం సీసా మీద తెలుగులో, రైతు చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో ఉండాలని నేను కోరుతున్నాను.

మన వైపు రైతుకు చేతిలో ఉన్న పనీ ఒకటి ఉంది. నానో ఎరువు కొంటే పొలమంతా ఒకేసారి కొట్టకండి. ఒక మడిలో ఐదు సెంట్లు కొట్టకుండా వదిలేయండి. మిగతా యాజమాన్యమంతా రెండు చోట్లా ఒకేలా చేయండి. కోతప్పుడు ఆ ఐదు సెంట్లనూ, పక్కనే కొట్టిన ఐదు సెంట్లనూ విడివిడిగా నూర్చి తూకం వేయండి. ఆ తూకం ఏ ప్రకటన కంటే నమ్మదగింది. నానో యూరియా కొడుతున్నామని దమ్ములో వేసే నత్రజనిని తగ్గించకండి, పైపాటు యూరియాను పూర్తిగా మానేయకండి. నానో జింకు అయితే సీసా మీదున్న మోతాదును కొలత గ్లాసుతో కొలిచి పోయండి, మూతతో కాదు. పొడి రూపంలో ఉన్నదాన్ని కలిపేటప్పుడు ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకోండి. నానో నలుసు ఆకులోకి దూరినంత తేలిగ్గా ఊపిరితిత్తుల్లోకీ దూరుతుంది. నానో పేరుతో ముద్ర లేని, తయారీదారు చిరునామా లేని సీసా ఎవరు అమ్మినా కొనకండి, రసీదు లేకుండా అసలే కొనకండి.

చివరగా మన శాస్త్రవేత్తలకు నా విన్నపం. అనకాపల్లి పరిశోధనా స్థానం 1913 నుంచి ఈ ప్రాంతపు చెరకును చూసుకుంటోంది. శ్రీకాకుళం దగ్గర రాగోలులో వరి పరిశోధన జరుగుతోంది. పంజాబ్ నేల వేరు, తిరుపతి నేల వేరు, మన ఎర్ర నేలలూ, తీరం వెంట ఉప్పు తగిలే వరి పొలాలూ వేరు. నానో జింకు, నానో యూరియా, నానో డీఏపీ మన వరిలో, చెరకులో, మినుములో ఏం చేస్తున్నాయో వరుసగా కొన్ని సీజన్లు పరీక్షించండి. వేరు బుడిపెల్ని కూడా లెక్కపెట్టండి. ఫలితం బాగున్నా బాగోకపోయినా దాచకుండా రేడియోలోనే, రైతుకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. వరి నాట్లు పడేలోపు ఆ మాట రైతు చెవిన పడాలి.